మా అమ్మ ఆసుపత్రి బిల్లులో లేనివి

అమ్మను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు రాత్రి, ఆమె పడుకున్నాక, అక్కడ ఇచ్చిన కాగితాలన్నీ మంచం మీద పరుచుకుని చదివాను. డిశ్చార్జి కాగితం మీద పేరు, వయసు, ఊరు వరుసగా ఉన్నాయి. మాచారెడ్డి మండలం, కామారెడ్డి జిల్లా అని ఊరు సరిగానే రాశారు. దాని కింద ‘వృత్తి’ అని ఉంది. ఎదురుగా ‘గృహిణి’ అని టైపు చేసి ఉంది.

మా అమ్మ పదమూడో ఏట చాట ఒళ్లో పెట్టుకుంది. పెళ్లయి వచ్చిన ఇంట్లో కూడా మొదటి వారంలోనే చాట చేతికిచ్చారు. పొద్దున తునికాకు నానబెట్టడం, కత్తెరతో కోయడం, తంబాకు నింపి చుట్టి దారం కట్టడం, కట్టలు కట్టి సాయంత్రం కార్ఖానాకు తీసుకుపోయి ఇవ్వడం, బాగా లేవని తీసి పడేసిన వాటికి మారు మాట్లాడకుండా తిరిగి రావడం. రోజుకు ఎనిమిది వందలు, చేయి ఆడిన రోజున వెయ్యి. అట్లా ముప్పై ఎనిమిదేళ్లు. నాయన దుబాయిలో ఉన్న పదకొండేళ్లలో ఆయన పంపిన డబ్బు ఏజెంటు అప్పుకు పోతే, మా చదువులు ఈ చాట మీదనే నడిచాయి. మా దిక్కు ఇది ఒక్క ఇంటి కథ కాదు. కామారెడ్డి, నిజామాబాదు, సిరిసిల్ల, జగిత్యాల, ఏ ఊరికి పోయినా అరుగు మీద చాటలు కనిపిస్తాయి. మగవాళ్లు గల్ఫుకు, ఆడవాళ్లు బీడీకి. తంబాకు సంచి ఉన్న గదిలోనే వంట, అక్కడే పిల్లల నిద్ర.

ఇంత పని చేసిన మనిషి గృహిణి ఎట్లా అయింది? కౌంటర్ దగ్గరి అబ్బాయి అడగనే లేదు. యాభై దాటిన ఆడమనిషి, పల్లెటూరి చీరకట్టు, పక్కన కూతురు. చూసి రాసేశాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. స్క్రీను నావైపే తిరిగి ఉంది. అయినా చూసుకోలేదు. ఇది ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది. ఎందుకంటే నేను జీతం తీసుకునేది ఇటువంటి కాగితాలు చదవడానికే.

నేను హైదరాబాదులో మెడికల్ కోడింగ్ చేస్తాను. డిగ్రీ చదివి, అమీర్‌పేటలో కొన్ని నెలల కోర్సు చేసి ఈ పనిలోకి వచ్చిన జిల్లాల అమ్మాయిలు నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. బయటివాళ్లకు ఈ పని ఏమిటో తెలియదు. ‘కంప్యూటర్ పని’ అంటే ఊళ్లో అందరికీ సరిపోతుంది. కానీ ఈ వ్యాసం విషయం అదే కాబట్టి కొంచెం ఓపిక పట్టాలి.

అమెరికాలో ఒక డాక్టరు రోగికి ఏం చేశాడో రాసుకున్న నోటు మా దగ్గరికి వస్తుంది. దాన్ని చదివి రెండు రకాల నంబర్లు వేయాలి. ఒకటి, జబ్బు ఏమిటో చెప్పే నంబరు. దీన్ని ఐసీడీ అంటారు. 1893లో చావుకు కారణాల జాబితాగా మొదలై, ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతుల్లో పెరిగి, పదో కూర్పు దాకా వచ్చి, 2022 జనవరి 1 నుంచి పదకొండో కూర్పు అమల్లోకి వచ్చింది. అమెరికా మాత్రం 2015 అక్టోబరులో మొదలుపెట్టిన పదో కూర్పు మీదనే నడుస్తోంది. రెండోది, ఏం చేశారో చెప్పే నంబరు. దీన్ని సీపీటీ అంటారు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966 నుంచి అచ్చు వేస్తోంది. జబ్బు నంబరుకూ చేసిన పని నంబరుకూ పొసిగితేనే బీమా కంపెనీ డబ్బు ఇస్తుంది. పొసగకపోతే తిప్పి పంపుతుంది.

నాకు ఛాతీకి సంబంధించిన నోట్లు ఎక్కువగా వస్తాయి. ఊపిరితిత్తి చుట్టూ పొరల మధ్య నీరు చేరితే వెనక నుంచి పక్కటెముకల మధ్య సూది గుచ్చి తీస్తారు. మన ఊళ్లలో ‘నెమ్ము నీళ్లు తీశారు’ అంటారు. స్కానింగ్ చూడకుండా తీస్తే 32554. స్కానింగ్‌లో చూస్తూ తీస్తే 32555. ఈ రెండో నంబరులో స్కానింగ్ ఖర్చు కలిసే ఉంటుంది, దానికి వేరే బిల్లు వేయకూడదు. పైగా స్కానింగ్ చూసే తీశామంటే ఆ చిత్రం రికార్డులో ఉండాలి. కుడి పక్కా, ఎడమ పక్కా రాసి ఉండాలి. అదే పక్క, అదే పూట ముందు సూదితో ప్రయత్నించి చివరకు ట్యూబు వేస్తే, ట్యూబుకే డబ్బు, సూదికి విడిగా రాదు. ఊపిరితిత్తుల్లోకి గొట్టం దించి చూడటం 31622. ఆ గొట్టంతోనే ముక్క తీసి పరీక్షకు పంపితే, చూడటం అందులో భాగమే. చూసినందుకు ఒకటి, తీసినందుకు ఒకటి అని రెండు రాయడానికి వీల్లేదు. మా కోర్సులో మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది: కాగితం మీద లేనిది జరగనట్టే.

అమెరికా పద్ధతి గొప్పదని పొగడటానికి ఇదంతా చెప్పడం లేదు. అక్కడ ఈ నంబర్లతోనే జనాన్ని అప్పుల్లోకి దింపుతారు. చిన్న పనికి పెద్ద నంబరు వేసి దండుకునే ఆసుపత్రుల మీద అక్కడి ప్రభుత్వమే కేసులు పెడుతుంటుంది. నంబరు పుట్టింది డబ్బు కోసం, రోగి కోసం కాదు. నేను చెప్పేదల్లా ఒకటే. అక్కడ ముక్కూ మొహం తెలియని మనిషి వీపులో దిగిన సూది ఏ పక్క దిగిందో, ఏం చూసి దింపారో నేను ఇక్కడ కూర్చుని చెప్పగలను. మా అమ్మ వీపులో దిగిన సూది గురించి చెప్పలేకపోయాను.

అది 2022 డిసెంబరు. అమ్మకు నెల రోజులుగా సాయంత్రం పూట జ్వరం, కుడి పక్క పోటు, నాలుగడుగులు వేస్తే దమ్ము. ఊళ్లో ఆర్‌ఎంపీ సూదులు వేశాడు, సెలైను ఎక్కించాడు. తగ్గలేదు. పట్టణంలో ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే కుడి పక్క సగం తెల్లగా కనిపించింది. నీళ్లు తీయాలన్నారు. ఆరోగ్యశ్రీ కార్డు చూపిస్తే, ఆపరేషన్ అయితేనే వస్తుంది, నీళ్లు తీయడానికి రాదు అన్నారు. దమ్ముతో కూర్చోలేకపోతున్న మనిషిని పక్కన పెట్టుకుని వాదించలేం కదా, కట్టుకున్నాం. రెండుసార్లు సూదితో తీశారు. మళ్లీ చేరితే ట్యూబు వేసి బ్యాగు తగిలించారు. ఆరు రోజులు ఉన్నాం. డాక్టరు మంచి మనిషే. రాత్రి పదకొండుకు కూడా వచ్చి చూసి పోయాడు. ఆయన పనిని నేను తప్పు పట్టడం లేదు.

బిల్లులో ఇట్లా ఉంది: ప్రొసీజర్ చార్జీలు. మళ్లీ ప్రొసీజర్ చార్జీలు. స్కానింగ్. మళ్లీ స్కానింగ్. డ్రెయిన్ చార్జీలు. డాక్టర్ విజిట్లు. నర్సింగ్. ఇతరములు. ఈ ‘ఇతరములు’ అన్నది డాక్టర్ విజిట్లకంటే ఎక్కువ. ఏ తేదీన ఏం చేశారో లేదు. మొదటి ప్రొసీజర్‌కూ రెండో ప్రొసీజర్‌కూ ధరలో తేడా ఎందుకుందో లేదు. కౌంటర్ దగ్గర అడిగితే, “మేడమ్, డాక్టర్ గారు వేయమన్నది వేస్తాం” అన్నాడు. ‘ఇతరములు’ అంటే ఏమిటని అడిగితే, గ్లౌజులు, దూది, అట్లాంటివన్నాడు. వెనక లైన్లో ఉన్నాయన “తొందరగా కానియ్యమ్మా” అని గొణిగాడు. డబ్బు కట్టేటప్పుడు లెక్క అడగడం మన దగ్గర మర్యాద తక్కువ పని. అది ఆడది అడిగితే మరీను. కూరగాయల దగ్గర రూపాయికి బేరం చేసే మనమే ఆసుపత్రి కౌంటర్ దగ్గర చేతులు కట్టుకుంటాం. దేవుడి హుండీకి లెక్క అడగనట్టే.

కేస్ షీటు నకలు కావాలన్నాను. ఇవ్వరట. అది ఆసుపత్రిదట. నేను కాగితం మీద రాసి ఇచ్చాను. 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో, రోగి అడిగితే 72 గంటల్లో రికార్డు ఇవ్వాలని ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలో కూడా ఇదే ఉంది, డబ్బు కట్టేటప్పుడు ఒక్కొక్క అంశానికి విడివిడిగా రాసిన బిల్లు పొందడం రోగి హక్కని కూడా ఉంది. దాన్ని అమలు చేయమని 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు రాసింది. ఈ రెండు సంవత్సరాలు, రెండు పేర్లు రాసి సంతకం పెట్టి ఇస్తే మూడో రోజు నకలు చేతికి వచ్చింది. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. అడగవచ్చని ముందు నాకూ తెలియదు, ఆఫీసులో ఒక స్నేహితురాలు చెప్పింది.

ఆ నకలును ఉద్యోగం అలవాటుతో చదివాను. మొదటిసారి నీళ్లు తీసినప్పుడు కుడి పక్క అని, ఎంత తీశారో, రంగు ఏమిటో చక్కగా రాశారు. రెండోసారి గురించి ఒకటే వాక్యం ఉంది. ఏ పక్కో లేదు, ఎంతో లేదు, స్కానింగ్ చిత్రం లేదు. బిల్లులో మాత్రం స్కానింగ్ రెండుసార్లు ఉంది. ఈ నోటు అమెరికా నుంచి నా బల్ల మీదికి వచ్చి ఉంటే రెండో స్కానింగ్‌కు పైసా రాకుండా తిప్పి పంపేదాన్ని. నీళ్లు తీయలేదని కాదు. ఆ సీసా నా కళ్లారా చూశాను. కానీ నేను చూశానన్నది రుజువు కాదు. రేపు అమ్మకు మళ్లీ నీరు చేరి వేరే ఆసుపత్రికి పోతే, అక్కడి డాక్టరుకు ఈ ఒక్క వాక్యం దేనికి పనికొస్తుంది? బిల్లు డబ్బు వ్యవహారం, రికార్డు వైద్యం వ్యవహారం అని మనం విడదీసి చూస్తాం. అవి రెండూ ఒకే నోటులోంచి పుడతాయి. నోటు చెడితే బిల్లు చెడుతుంది, ఆ తర్వాత వైద్యమూ చెడుతుంది.

మన దగ్గర కోడ్‌లు లేవనుకుంటే పొరపాటు. 2007 ఏప్రిల్‌లో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ మొత్తం కోడ్‌ల మీదనే నడుస్తోంది. ప్రతి చికిత్సకూ ఒక నంబరు, ఆ నంబరుకు ఒక ప్యాకేజీ ధర, ముందుగా ట్రస్టు అనుమతి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి పది లక్షల వరకు ఇస్తున్నారు. మంచిదే. కానీ ఆ నంబరు ఆసుపత్రికీ ట్రస్టుకూ మధ్య తిరుగుతుంది. రోగికి కనపడదు. తన పేరు మీద ఏ చికిత్సకు ఎంత తీసుకున్నారో, తనకు జరిగింది అదేనో కాదో ఆమెకు తెలియదు.

తెలియకపోతే ఏమవుతుందో మన స్త్రీలకంటే ఎక్కువగా ఎవరికి తెలుసు? గర్భసంచి ఆపరేషన్ల సంగతి ఈ పత్రిక చదివేవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. తెల్లబట్టకూ నడుంనొప్పికీ కూడా గర్భసంచి తీసేసిన రోజులవి. మెదకు జిల్లా పల్లెల్లో తిరిగి డాక్టర్ కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి వంటివాళ్లు ఆ సంగతి బయటపెట్టారు. తర్వాత ఆరోగ్యశ్రీలో ఆ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేయాల్సి వచ్చింది. ప్యాకేజీ ఉన్న చోటికి కత్తి పోతుంది. ప్యాకేజీ లేని చోట రోగి పర్సులోంచి పోతుంది. మా అమ్మ రెండో రకం.

ఇక జబ్బు నంబరు సంగతికి వస్తాను. నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే.

తీసిన నీళ్లను పరీక్ష చేసి టీబీ అన్నారు. ఆరు నెలల మందులు వాడితే జ్వరం పోయింది, నీరు మళ్లీ చేరలేదు. కాబట్టి అది టీబీయే. నీరు చేరడానికి తంబాకు కారణమని నేను అనను. అట్లా అంటే తప్పు. టీబీ అన్న మాట ఇంటికి తెచ్చిన అవమానం వేరే కథ. మా పిన్ని పిల్లల్ని మా గడప తొక్కనివ్వలేదు. అమ్మ తన కంచం తానే వేరు పెట్టుకుంది. కానీ ఒక సంగతి గమనించండి. 2012 నుంచి ప్రైవేటు డాక్టరైనా సరే, టీబీ రోగి వివరాలు ప్రభుత్వానికి తెలపడం తప్పనిసరి. అట్లా తెలిపినందువల్ల అమ్మకు మందులు ఉచితంగా వచ్చాయి. తిండికోసం నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడ్డాయి. 2018లో మొదలైన ఆ సాయాన్ని 2024 నవంబరు నుంచి వెయ్యికి పెంచారు. అంటే ఏమిటి? జబ్బుకు పేరుండి, నంబరుండి, లెక్కలోకి ఎక్కితే సర్కారు కదులుతుంది.

మందుల కోర్సు అయిపోయింది. దమ్ము పోలేదు. ఇంకో డాక్టరు దగ్గర గొట్టంలోకి ఊదించి పరీక్ష చేశారు. గాలి గొట్టాలు సన్నబడ్డాయి, సీఓపీడీ అని రాశారు. డాక్టరు అడిగింది రెండే ప్రశ్నలు. “పొగ తాగుతావా?” లేదు. “కట్టెల పొయ్యా?” చిన్నప్పుడు. అంతే. ఏం పని చేస్తావని అడగలేదు. కాగితం మీద గృహిణి అని ముందే ఉంది కదా, ఇంకెందుకు అడుగుతాడు?

నేను రోజూ తిరగేసే ఐసీడీ పుస్తకంలో జె 66 అని ఒక వరుస ఉంది. సేంద్రియ దుమ్ముల వల్ల గాలి గొట్టాలకు వచ్చే జబ్బులు. పత్తి దుమ్ముకు 66.0, అవిసె నారకు 66.1, గంజాయి జాతి మొక్క నార దుమ్ముకు 66.2, మిగతా దుమ్ములకు 66.8. జెడ్ 57.2 అని ఇంకొకటి, పని చోట దుమ్ముకు గురికావడం. అమెరికా పుస్తకంలో జెడ్ 57.31 అని ఇంకా ఒకటి ఉంది, పని చోట పక్కవాళ్లు తాగే సిగరెట్ పొగకు గురికావడం! సీఓపీడీ నంబరు వేసేటప్పుడు ఇటువంటివి ఉన్నాయేమో చూసి చేర్చమని పుస్తకమే చెబుతుంది. ఎక్కడో హోటల్లో పనిచేసే అమెరికా మనిషి పీల్చిన పక్కవాడి పొగకు నేను నంబరు వేస్తాను. ముప్పై ఎనిమిదేళ్లు తంబాకు దుమ్ము పీల్చిన మా అమ్మకు వేయాల్సిన నంబరు అదే పుస్తకంలో ఉంది. వేయడానికి ఆమె పని కాగితం మీద ఉండాలి. లేదు.

దీనివల్ల పోయేదేమిటని అడిగేవాళ్లున్నారు. పోయేది పరిహారం. 1923 నాటి పరిహార చట్టంలో పని వల్ల వచ్చే జబ్బుల జాబితా ఉండేది. అందులో రాతి దుమ్ము, ఆస్బెస్టాస్, పత్తి దుమ్ము పేరు పెట్టి ఉండేవి. తంబాకు దుమ్ము అని పేరు లేదు. బీడీ కార్మికుల కోసం 1976లో సంక్షేమ నిధి చట్టాలు వచ్చాయి, బీడీల మీద సెస్సు వేసి ఆ డబ్బుతో వైద్యం, పిల్లల చదువు. ఆ నిధి సాయంలో టీబీ, క్యాన్సర్, గుండె, కిడ్నీ పేర్లు ఉంటూ వచ్చాయి. తంబాకు దుమ్ముతో వచ్చే దమ్ముకు ఒక వరుస లేదు. సెస్సే 2017లో జీఎస్టీతో పాటు రద్దయింది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టంలో గాలి, వెలుతురు, శుభ్రత గురించి రాసినవన్నీ పని ఆవరణలకు. ఇంటి గదికి కాదు. ఇంట్లో చుట్టే ఆడవాళ్లు కూడా కార్మికులేనని, వాళ్లకు పీఎఫ్ ఇవ్వాలని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. అంటే కోర్టు కళ్లకు కార్మికురాలు, ఆసుపత్రి కంప్యూటర్‌కు గృహిణి. 2025 నవంబరు 21 నుంచి ఆ 1966 చట్టం కూడా కొత్త కార్మిక కోడ్‌లో కలిసిపోయింది. కోడ్ అన్న మాట నన్ను వదిలిపెట్టేటట్టు లేదు.

పేరు ఎందుకు లేదని అడిగితే, ఆధారాలు కావాలంటారు. ఇంతమంది బీడీ కార్మికులకు ఇటువంటి దమ్ము ఉందని లెక్క చూపమంటారు. లెక్క ఎక్కడి నుంచి వస్తుంది? ఆసుపత్రి కాగితాల్లోంచి. అక్కడ అందరూ గృహిణులే. ఇక లెక్క సున్నా. సున్నా కాబట్టి చట్టంలో పేరు లేదు. పేరు లేదు కాబట్టి డాక్టరు అడగడు. ఈ గుండ్రటి దారిలో మన ఆడవాళ్లను తిప్పుతున్నారు. ఇంటి పని పని కాదన్న పాత మాటే ఇది. ఇంట్లో చేసిన కూలిపనిని కూడా ఇంటి పనిలో కలిపేశారు. ఇంటి పనికి దక్కని విలువ దీనికి మాత్రం ఎట్లా దక్కుతుంది?

ఇంతవరకు రాసింది అమ్మకు చదివి వినిపించాను. ఆమె అంది, “గట్ల రాపియ్యకు బిడ్డా. దావఖాన కాగితంల బీడీలని రాస్తె రేపు కార్ఖానల ఎరుకైతది. నాకంటే అయిపాయె, నీ చిన్నమ్మలకు ఆకు, తంబాకు బందు వెట్టరా?”

ఈ భయాన్ని కొట్టిపారేయలేం. 2006లో బీడీ కట్టల మీద పుర్రె గుర్తు వేయాలని నిబంధన తెచ్చినప్పుడు బీడీ చుట్టే ప్రాంతాల్లోంచే వ్యతిరేకత వచ్చింది, చివరకు ఆ గుర్తు తీసేశారు. తమ ఊపిరి తీసే పనిని కాపాడుకోవడానికి తామే కొట్లాడాల్సి రావడం ఎంత ఘోరమో హైదరాబాదులో కూర్చుని చెప్పడం తేలిక. చాట పోతే ఇంకేం పని ఉంది? మాచారెడ్డిలో బోరు నీళ్ల వ్యవసాయం, వానలు పడితే కూలి. ఇంకో పని చూపించకుండా ఈ పని చెడ్డదని చెప్పేవాళ్లంటే మా ఊళ్లో ఎవరికీ గిట్టదు, అందులో న్యాయం ఉంది. సంఘాల్లో పనిచేసే మనం కూడా కూలి రేట్లు, పీఎఫ్, పింఛన్ల గురించి మాట్లాడినంత ఊపిరితిత్తుల గురించి మాట్లాడలేదు. 2019లో 2016 రూపాయలైన పింఛనుకు ఎన్ని కాగితాలు తిప్పామో గుర్తుందా? అందులో కార్మికురాలని రుజువు చేసుకోవడానికి పడ్డ తిప్పలో పదో వంతు, ఆసుపత్రి కాగితం మీద అదే మాట రాయించుకోవడానికి పడలేదు.

అయినా అమ్మతో నేను ఒప్పుకోలేకపోయాను. రాయించినందుకు పని పోతుందంటే, రాయించనందుకు పోయేది కూడా ఆమెదే. కార్ఖానా వాళ్ల పుస్తకంలో బీడీ కార్మికురాలని ఆమె పేరు ముప్పై ఎనిమిదేళ్లుగా ఉంది. ఇది వాళ్లకు తెలియని రహస్యం కాదు. తెలియనిది ఆసుపత్రికి ఒక్కదానికే.

కాబట్టి మనం అడగాల్సింది పెద్దదేమీ కాదు. ఆసుపత్రుల్లో వృత్తి గడిని రోగిని అడిగి నింపాలి. ఆడవాళ్లకు గృహిణి అని ముందే నింపి పెట్టకూడదు. కామారెడ్డిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. బీడీల నడుమ చదువుకునే ఆ పిల్లలకు దమ్ముతో వచ్చిన ప్రతి ఆడమనిషినీ ‘చాట పట్టావా, ఎన్నేళ్లు’ అని అడగడం నేర్పాలి. సూది ఏ పక్క దింపారో, ఏ తేదీన దింపారో తెలుగులో బిల్లు మీద ఉండాలి. చికిత్సల రేట్లు స్థానిక భాషలో అందరికీ కనపడేటట్టు పెట్టాలని 2012 నాటి కేంద్ర నిబంధనల్లో ఉంది. రేట్లు తెలుగులో రాయగలిగితే బిల్లు ఎందుకు రాయలేరు? ఆరోగ్యశ్రీలో తన పేరు మీద వాడిన ప్యాకేజీ పేరు, ధర రాసిన కాగితం ఇంటికి పోయేటప్పుడు ఆమె చేతిలో పెట్టాలి. సంఘం తరఫున ఎవరైనా ఆసుపత్రికి తోడు పోయినప్పుడు, మందులూ భోజనమూ చూసినట్టే ఆ మొదటి కాగితాన్ని కూడా చదవండి. నేను చదవలేదు.

పోయిన నెల అమ్మను మళ్లీ ఆసుపత్రికి తీసుకుపోయాను. ఈసారి సర్కారు దావఖాన. చీటీ రాసే అమ్మాయి మా ఊరి దిక్కు యాసలోనే, “ఏం పని చేస్తవ్ అవ్వా?” అని అడిగింది. అడిగినందుకే నాకు సంతోషం వేసింది. అమ్మ నా మొహం చూసింది. కొంచెంసేపు ఆగి, “బీడీలు చేస్త” అంది. ఆ అమ్మాయి కంప్యూటర్‌లో వెతికింది. రైతు ఉంది, కూలి ఉంది, ఉద్యోగి ఉంది, గృహిణి ఉంది. బీడీ లేదు. “ఇతరములు వెడుతున్న” అంది.

లోపల డాక్టరమ్మకు నేను సంగతి చెప్పాను. ఆమె పెన్ను తీసి చీటీ మీద చేత్తో రాసింది, బీడీలు చుట్టడం, 38 ఏళ్లు, తంబాకు దుమ్ము. కింద సంతకం పెట్టింది. బయటికొచ్చి ఎదురుగా జిరాక్సు తీయించాం. అసలు కాగితాన్ని అమ్మ పీఎఫ్ కాగితాలుండే ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుంది. జిరాక్సు నాకిచ్చి, “చిన్నమ్మలకు సూపియ్యి” అంది.